మూడు గాట్ల ముక్క

నాకు భయాలు ఎక్కువ. దాచుకోవడం దేనికి? వీధి చివర కుక్కన్నా భయమే, తమ్మిలేరు మీది వంతెనన్నా భయమే. రైలింజను కూత పెడితే ఏలూరు స్టేషనులో నలుగురి మధ్యా నిలబడి రెండు చెవులూ మూసుకునేదాన్ని. మా ఆయన మొహిద్దీన్ ఈ సంగతి ఊరంతా చెప్పి నవ్వించేవారు. "మా రహీమా తన నీడ చూసి తనే ఉలిక్కిపడుతుందండి" అని మా కొట్టుకు వచ్చిన ప్రతివాళ్ళతోనూ అనేవారు. వాళ్ళు నవ్వేవారు, నాకు ఒళ్ళు మండేది. పిరికివాళ్ళకు కోపం రాదని లోకం అనుకుంటుంది కాబోలు. నాకు రెండూ కావలసినన్ని ఉండేవి.

అందుకే ఆ రంజాను నెలలో నిజంగా భయపడవలసిన రోజు వచ్చినప్పుడు నా మాట నమ్మేవాళ్ళు ఒక్కరూ లేకపోయారు.

మాది తోలుపని. ముందు గదిలో కొట్టు, వెనక గదిలో కాపురం. మగవాళ్ళు కోసేవారు, ఆడవాళ్ళం కుట్టేవాళ్ళం. జట్కా గుర్రాల పట్టాలు, ప్లీడర్ల సంచులు, మిల్లుల బెల్టులు మా చేతుల మీదుగా పోయేవి. తోలంటే అంతా ఒకటే అనుకునేవాళ్ళను చూస్తే నాకు జాలి. ఒకసారి కోర్టు గుమస్తా ఒకాయన మద్రాసు నుంచి సంచీ తెచ్చుకుని, అసలైన తోలని మురిసిపోతూ చూపించాడు. మా ఆయన దాని మీద బొటనవేలు నొక్కారు. తోలైతే వేలి చుట్టూ సన్నటి ముడతలు పడతాయి. అది మొండిగా అలాగే ఉంది. నీటి బొట్టు వేశారు. తోలు నీటిని తాగుతుంది, ఇది జారవిడిచింది. అంచు విప్పి చూపిస్తే లోపల గుడ్డ నేత! గుమస్తా మొహం చూడలేక నేను తెర వెనక్కి తప్పుకున్నాను.

అసలు తోలైనంత మాత్రాన సరిపోదు, దేనికి ఏది వాడాలో తెలియాలి. అస్తరుకు మేకతోలు, మెత్తటి సంచులకు గొర్రెతోలు, చెప్పు అడుక్కి దున్నతోలు. మిల్లు బెల్టుకు మాత్రం ఎద్దుతోలే కావాలి, అందులోనూ వీపు మీదిదే కావాలి. పొట్ట తోలు సాగిపోతుంది. ఇవన్నీ కంటితో, వేలితో తేలిపోయే సంగతులు. కంటికీ వేలికీ అందనిది ఒకటుంది.

వరదలో మునిగి చచ్చి, నాలుగు రోజులు నీళ్ళలో నానిన గొడ్డు తోలు కూడా అసలైన తోలే. నీళ్ళు తాగుతుంది, ముడత పడుతుంది, నిప్పు తగిలిస్తే వెంట్రుక కాలిన కంపు కొడుతుంది. ఆముదం పట్టించి గాజురాయితో రుద్దితే పెళ్ళికొడుకులా మెరుస్తుంది. కాని లోపల పీచు చచ్చి ఉంటుంది. బరువు మీద పడేదాకా ఆ సంగతి బయటపడదు. దాన్ని పట్టుకోగలిగింది నాలుక ఒక్కటే. కోసిన అంచును నోట్లో కాసేపు నానిస్తే మంచి తోలు, దాన్ని పదును చేసిన తంగేడు చెక్క వగరు ఇస్తుంది, పళ్ళ కింద సాగుతుంది. మునిగిన తోలు బురద రుచి ఇస్తుంది, నమిలితే విడిపోతుంది. ఇది మా మామగారు మా ఆయనకు నేర్పిన విద్య. తెర వెనక కూర్చుని కుడుతూ నేనూ నేర్చుకున్నాను.

మాకు తోళ్ళు గుండుగొలను నుంచి అబ్రహాం తెచ్చేవాడు. తోళ్ళు ఊనేవాళ్ళలో, అంటే పచ్చి తోలును పదును చేసేవాళ్ళలో, అంత నిజాయితీపరుడు ఆ చుట్టుపక్కల లేడు. వాళ్ళ నాన్న నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. మొదటి తోలు మూలన కత్తితో ఒక గాటు, రెండో తోలుకు రెండు, మూడో తోలుకు మూడు. తోక మొదట్లో గోరంత ముక్క కోసి దాని మీదా అన్నే గాట్లు పెట్టి కొనేవాళ్ళ చేతిలో పెట్టేవాడు. కొనేవాళ్ళు అక్కడే నోట్లో వేసుకుని తల ఊపాలి. తల ఊపాక ఇక మాట లేదు.

ఆ యేడు భాద్రపదంలో కొల్లేరు పొంగింది. రంజాను మొదటి వారంలో అబ్రహాం మూడు ఎద్దుతోళ్ళు తెచ్చాడు. తాడేపల్లిగూడెంలో నరసరాజుగారి రైసు మిల్లుకు మెయిన్ బెల్టు కావాలని అప్పటికే కబురు వచ్చి ఉంది.

"సాయిబు గారూ, ఈ యేడు తోళ్ళు నాలుగు చేతులు మారి వచ్చాయండి" అన్నాడు అబ్రహాం, ముక్కు తుడుచుకుంటూ. "నాకా జలుబు చేసి పది రోజులైంది. కారం తిన్నా కారమని తెలియట్లేదు. మీరే చూసుకోవాలండి."

"రోజాలో ఉన్నాను అబ్రహాం. సాయంత్రం చూస్తాలే" అని మా ఆయన మూడు ముక్కలూ చేతుల్లేని కోటు జేబులో వేసుకున్నారు.

రుచి చూసి ఉమ్మేస్తే రోజా పోదని పెద్దలు అంటారు. మా ఆయన మాత్రం ఉమ్మి మింగడానికి కూడా ఆలోచించే మనిషి. ఆ సాయంత్రం ఖర్జూరం నోట్లో వేసుకుని మసీదుకు పరిగెత్తారు, నమాజు ముగించుకుని వచ్చి పడుకున్నారు. కోటు మేకుకు వేలాడుతూనే ఉంది. మరునాడు కత్తి పట్టారు.

అప్పటికి మా సాబిరాకు ఏడు నెలలు. పాలిచ్చే తల్లిని కాబట్టి నాకు రోజా లేదు. తెర వెనకే ఉన్నాను, అంతా విన్నాను. ఆ ముక్కలు ఇలా ఇవ్వండి అని నేను అనవచ్చు. కాని తోలు రుచి చూడడం పనిలో పెద్దవాడి హక్కు. ఆడదాన్ని నన్ను ఎవరూ అడగలేదు, నేనూ నోరు తెరవలేదు. ఈ తప్పులో నా వంతు అది.

బెల్టు ఐదు ముక్కలుగా వచ్చింది. మొదటి రెండు తోళ్ళ నుంచి రెండేసి, మూడో తోలు నుంచి ఒకటి. ముక్కల కొనలు ఏటవాలుగా చెక్కి, ఒకదాని మీద ఒకటి అతికించి, మైనం పట్టించిన దారంతో నేనే కుట్టాను. మూడు గాట్ల తోలు ముక్క వరసలో నాలుగోది. రంగు కాస్త ముదురు. అందంగా ఉందనుకున్నాను కూడా.

మిల్లు ముహూర్తం రోజున మా ఆయన తెల్లవారుజామునే సహరీ తిని మొదటి బండికి బయలుదేరారు. మధ్యాహ్నం పన్నెండు ముప్పావుకు మిల్లులో కొత్త పంట వడ్లు పోసి మొదటి లోడు వేస్తారు. ఎక్కడో ఒక మిల్లులో బెల్టు తెగి కూలివాడి ప్రాణం తీసిందట. అప్పటి నుంచి నరసరాజుగారు ఒక నియమం పెట్టుకున్నారు. బెల్టు చేసినవాడు మొదటి లోడు పడేటప్పుడు దాని పక్కనే నిలబడాలి.

"కాస్త దూరంగా నిలబడకూడదాండీ?" అన్నాను.

"నా చేతి పని పక్కన నిలబడడానికి నాకు భయమేమిటే?" అని నవ్వి, బెల్టు చుట్ట భుజాన వేసుకుని వెళ్ళిపోయారు.

తొమ్మిది గంటలకు పండక్కి ఉతుకుదామని ఆ కోటు తీశాను. జేబు తడిమితే మూడు ముక్కలూ చేతికి వచ్చాయి. ఒక్క క్షణం అవేమిటో అర్థం కాలేదు. అర్థమయ్యాక వాటిని గుమ్మం వెలుగులోకి తెచ్చి తిప్పి తిప్పి చూశాను.

చూసి మళ్ళీ జేబులో వేసుకుని ఉంటారులే అని నాకు నేను చెప్పుకున్నాను. ముక్కల మీద పంటి గాటు ఒక్కటీ లేదు. ఒక గాటు ముక్క నోట్లో వేసుకున్నాను. వగరు. ప్రాణం కుదుటపడింది. రెండు గాట్లది కూడా వగరే, నాలుక పిడచకట్టింది. మూడోది వేసుకున్నాను. కాసేపు ఏమీ లేదు. ఆ తరవాత నోటి నిండా బురద. కొల్లేటి నీళ్ళు ఎండిపోయేటప్పుడు గట్టున లేచే వాసన ఉంటుంది చూడండి, అదే నాలుక మీద. పంటి కింద నొక్కితే అంచు మెత్తగా విడిపోయింది.

నోరు కడుక్కుని మళ్ళీ చూశాను, అదే బురద. కొట్టులోకి పరిగెత్తి మూడు గాట్ల తోలులో మిగిలిన చెక్క తీసి, మడిచి, మోకాలి కింద పెట్టి లాగాను. నా పాటి బలానికి ఎద్దుతోలు తెగకూడదు. అది బొబ్బట్టు తుంచినట్టు తెగింది.

అప్పుడు పట్టుకుంది భయం. ఇంతవరకూ నేను భయాలనుకున్నవేవీ భయాలు కావని ఆ రోజు తెలిసింది. అరిచే భయం కాదది. ఆయన నా కుట్టు పక్కన, నేను మైనం రుద్దిన దారం పక్కన, చేతులు కట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది.

పిల్లను చంకనేసుకుని పక్కింటి నిత్యానందం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన హైస్కూల్లో ఇంగ్లీషు చెబుతారు.

"మాస్టారూ, మా ఆయన ప్రాణం మీదికి వచ్చిందండి. బెల్టు తోలు మంచిది కాదండి."

"మీకెలా తెలుసమ్మా?"

"నాలుకతో చూశానండి."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "అమ్మా, మొన్న మీ నూతిలో పాముందని వీధంతా లేపారు. చేద తాడు కదండీ అది."

"ఇది తాడు కాదండీ! టెలిగ్రాం కొట్టండి. మీ కాళ్ళకు దణ్ణం పెడతాను."

నమ్మలేదు గాని మనిషి మంచివాడు. చొక్కా తగిలించుకుని పోస్టాఫీసుకు వెళ్ళి, తోలు చెడ్డది, ఇంజను వేయవద్దు అని నరసరాజుగారి పేర తంతి కొట్టించి వచ్చారు. "గంటలో అందుతుందమ్మా. ఇక ఇంట్లో స్థిమితంగా కూర్చోండి" అన్నారు.

స్థిమితమట! తంతి అందకపోతే? అందినా చదివేవాళ్ళు లేకపోతే? ముసుగు కప్పుకుని, మూడు ముక్కలూ గుప్పిట్లో బిగించి, పిల్లతో స్టేషనుకు నడిచాను. అంతకు ముందెప్పుడూ నేను ఒంటరిగా రైలెక్కలేదు. పదిన్నర బండి కూత పెట్టింది. చెవులు మూసుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

ఆడవాళ్ళ పెట్టెలో నా పక్కన ఎండుచేపల గంపతో ఒక ముసలమ్మ కూర్చుంది. పేరు అచ్చాయమ్మ, కొల్లేటి లంక నుంచి తాడేపల్లిగూడెం సంతకు పోతోంది. దెందులూరు దాటాక నా వంక చూసి, "ఏమ్మా, అలా వణుకుతున్నావు? జ్వరమా?" అంది.

"భయమండి."

"ఎందుకమ్మా భయం? మొన్న వరదని చూసుంటే ఏమయ్యేదానివి? మా లంక మొత్తం మునిగింది. మా బండెద్దు కళ్ళ ముందే కొట్టుకుపోయింది. నాలుగో రోజున గట్టుకి తేలింది, ఉబ్బిపోయి."

"దాన్నేం చేశారండీ?" అన్నాను.

"ఏం చేస్తాం? ఎవరో దోనె వేసుకుని వచ్చి తోలు ఒలుచుకుపోయారు. పాతిపెట్టే ఓపిక మాకు మాత్రం ఏదీ? ఏ మహారాజు చెప్పుల కిందో ఉండుంటుంది ఈపాటికి."

అది ఆ ఎద్దే కానక్కరలేదు. వరదలో వందల గొడ్లు పోయాయి. అయినా ఆవిడ ఆ మాట అన్నప్పటి నుంచీ, ఉబ్బిన ఆ ఎద్దు వీపు మీద నేను వరసగా కుట్లు వేస్తున్నట్టు కనబడడం మొదలైంది. కిటికీలోంచి కోతకొచ్చిన చేలు, చేలలో కొంగలు వెనక్కి పోతున్నాయి. బండి నడుస్తున్నట్టే లేదు నాకు.

భీమడోలులో నిజంగానే ఆగిపోయింది. మెయిలు బండికి దారి ఇవ్వాలట. పావుగంటయింది, ఇంకా కదలలేదు. "ఏమండీ, ఎప్పుడు కదుల్తుందండీ?" అని గార్డును అడిగితే, "మెయిలు వెళ్ళాకనమ్మా" అని జెండా చంకలో పెట్టుకుని టీ తాగడానికి వెళ్ళాడు. ఆయన చేతిలో ఆ టీ గ్లాసు చూస్తే లాగి పారేయాలనిపించింది. అచ్చాయమ్మ నా ఒళ్ళోంచి పిల్లను తీసుకుని ఆడించింది. నేను అల్లాను తలుచుకుంటూ, మెయిలును తిడుతూ కూర్చున్నాను.

తాడేపల్లిగూడెంలో దిగేసరికి స్టేషను గడియారం పన్నెండూ ముప్ఫయ్యయిదు. మిల్లు దారి అడగనక్కరలేకపోయింది. ఇంజను చప్పుడు ప్లాట్‌ఫారం మీదికే వినిపిస్తోంది. టక్కు టక్కుమని, నింపాదిగా. అప్పుడే వేసేశారు! పరిగెత్తాను. చెప్పు ఒకటి జారిపోయింది, వెనక్కి చూడలేదు.

మిల్లు వాకిట్లో మామిడి తోరణాలు, వడ్ల బస్తాలు, చేటలు పట్టుకున్న ఆడకూలీలు. పీట మీద పసుపు గణపతి. ఆ పక్కన పళ్ళెంలో, తమలపాకుల కింద, అంటించింది అంటించినట్టే ఒక కవరు. తంతి!

నరసరాజుగారు పట్టుపంచె కట్టుకుని నిలబడి ఉన్నారు. నేను ఎవరినో చెప్పి, "బాబుగారూ, ఆ తంతి విప్పండి! అది నేను పంపించిందే" అన్నాను.

"మీరు పంపించారా?" అని ఆయన ఆశ్చర్యపోయి, అంతలోనే తేలిగ్గా నవ్వారు. "తంతిలో మంచి కబురు ఎప్పుడొచ్చిందమ్మా? శుభమా అని ముహూర్తం పెట్టుకుని చావు కబురు విప్పుకోమంటారా? లోడు వేశాక చూద్దామని పక్కన పెట్టాం. మీరు వచ్చారుగా, ఏమిటో నోటితో చెప్పండి."

"బెల్టు తెగుతుందండి. ఇంజను ఆపించండి."

"రామ రామ! అదేం మాటమ్మా, ముహూర్తం ముందు?" ఆయన మొహం ముడుచుకుంది. "పావుగంట నుంచీ తిరుగుతోంది, నిక్షేపంలా ఉంది. మీకు నీడన్నా భయమని మొహిద్దీన్ పొద్దున్నే చెప్పాడులెండి. ఆ చెట్టు కింద కూర్చోండి, మజ్జిగ తాగండి."

ఊరంతా నవ్వించిన ఆ మాట ఇక్కడ నాకు అడ్డం నిలబడింది. ఆ క్షణాన మా ఆయన మీద వచ్చినంత కోపం ఎన్నడూ రాలేదు. ఆ కోపమే లేకపోతే నా కాళ్ళు కదిలేవి కావు. మజ్జిగ తేవడానికి ఎవరో వెళ్ళారు. నేను మిల్లు లోపలికి వెళ్ళాను.

లోపల చప్పుడుకు చెవులు దిమ్మెక్కాయి. గోడ అవతల ఇంజను గది, ఇవతల మిల్లును తిప్పే ఇనుప షాఫ్టు. రెండింటి మధ్యా మా బెల్టు ఊపిరి పీల్చుకోకుండా తిరుగుతోంది. దానికి రెండు బారల దూరంలో, ఒక గుంజ పక్కన, మా ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. ముదురు రంగు ముక్క ప్రతి తిప్పుకీ ఆయన ముందునుంచి నల్లగా మెరిసి పోతోంది.

పిలిచాను. నా గొంతు నాకే వినబడలేదు. మళ్ళీ పిలిచాను. ఆయన బెల్టునే చూస్తున్నారు. పైన వడ్ల తొట్టి దగ్గర కూలి ఒకడు లోడు తలుపు తాడు పట్టుకుని, వాకిట్లోంచి రాబోయే సైగ కోసం చూస్తున్నాడు.

ముందుకు వెళ్ళాలి. ఒళ్ళంతా వద్దంటోంది. నాలుగు అడుగులే. ఆ నాలుగు అడుగులూ ఎలా వేశానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన పక్కకు వెళ్ళి, గుంజను ఆనుకుని, పిల్లతో సహా నిలబడ్డాను. పిల్లను బయట ఎవరికైనా ఇచ్చి రావాలన్న తెలివి నాకు లేకపోయింది. ఉండి ఉంటే ఆయన ఇంజను ఆపించేవారు కాదేమో.

తల తిప్పి మమ్మల్ని చూశారు. మొహంలో రక్తం లేకుండా పోయింది. రెండు చేతులూ పైకెత్తి ఇంజను డ్రైవరు అప్పారావుకు కిటికీలోంచి సైగ చేశారు. టక్కు టక్కు నెమ్మదించింది. బెల్టు బద్ధకంగా నాలుగు చుట్లు తిరిగి ఆగింది.

"పిచ్చెక్కిందా నీకు? పిల్లతోనా?" అని అరిచారు.

గుప్పిట తెరిచాను. "ఇవి మీ కోటు జేబులో ఉన్నాయండి."

ఆయన ఆ ముక్కల వంక చూశారు. నేనేమీ చెప్పనక్కరలేకపోయింది. "సాయంత్రం చూద్దామని..." అన్నారు.

"మూడోది నోట్లో వేసుకోండి."

"రోజా, రహీమా."

"అయితే నా నాలుకను నమ్మండి. నాకు రోజా లేదు. రెండుసార్లు చూశాను. బురదండి."

నరసరాజుగారు లోపలికి వచ్చారు, వెనకే నలుగురు. "ఏమిటయ్యా ఇది? ముహూర్తం నిమిషాల్లోకి వచ్చింది. ఇంజను ఆపడానికి నువ్వెవరివి?"

అప్పుడు నేను భయపడింది బెల్టుకు కాదు. మా ఆయన నవ్వేస్తారని భయపడ్డాను. మా ఆవిడ పిరికిదండి అని ఒక్క మాట అంటే చాలు, అందరూ నవ్వుతారు, ఆయన పరువు నిలబడుతుంది, నన్ను బయటికి పంపేస్తారు. వందసార్లు అన్న మాటే, వెతుక్కోనక్కరలేదు కూడా. ఆయన నన్ను చూశారు, పిల్లను చూశారు.

"రాజుగారూ, ఈ బెల్టులో ఒక ముక్క రుచి చూడకుండా వేశానండి" అన్నారు. "తప్పు నాది. మా ఆవిడ చూసింది. అది మునిగిన తోలండి."

"ఇంతసేపు తిరిగింది కదయ్యా!"

"వట్టిగా తిరిగిందండి. లోడు మీద ఆగదు."

రాజుగారు గడియారం చూసుకున్నారు. ఆయన బాధ ఆయనది. ముహూర్తం తప్పితే ఆ యేడంతా మిల్లు కలిసిరాదని ఆయన నమ్మకం. "ఆడవాళ్ళ నాలుక మీద మిల్లు నడపమంటావా? లోడు వేయాల్సిందే" అన్నారు.

"వేయండి. మనుషులందరినీ బయటికి పంపించి వేయండి. మీ నియమం నేను తప్పుతున్నానండి. దాని పక్కన నేను నిలబడను."

అందరూ బయటికి వచ్చారు. తొట్టి తలుపు తాడుకు మరో తాడు ముడేసి గుమ్మం దాకా తెచ్చారు. అప్పారావు గోడ చాటున ఇంజను వేశాడు. చప్పుడు నెమ్మదిగా అందుకుంది. రాజుగారు వేలు ఎత్తారు, మా ఆయన తాడు లాగారు. వడ్లు జలజలా దిగాయి.

ఏమీ కాలేదు. బెల్టు తిరుగుతూనే ఉంది. ఒకరిద్దరు నా వంక చూసి నవ్వు ఆపుకుంటున్నారు. తెగకపోతే మా ఆయన ఇక ఈ జిల్లాలో తల ఎత్తుకోలేరు, నా వల్ల. ఆ భయంలో, తెగితే బాగుండునని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు మళ్ళీ భయపడ్డాను.

తుపాకీ పేలినట్టయింది. బెల్టు కొన గాలిలోకి లేచి, నల్లగా ఒక్క చుట్టు చుట్టి, ఇందాక మేము నిలబడ్డ గుంజను కొట్టింది. రేకుల గోడ చిరిగి ఎండ లోపలికి పడింది. ఆడకూలీలు కెవ్వుమన్నారు. అప్పారావు ఇంజను కట్టేశాడు.

దుమ్ము అణిగాక అందరం లోపలికి వెళ్ళాం. గుంజకు అరచేయంత చెక్క లేచిపోయి ఉంది. సరిగ్గా నా గుండె ఎత్తులో. నా గుండె ఎత్తులో అంటే, నా చంకలో ఉన్న సాబిరా తల ఎత్తులో.

రాజుగారు వెళ్ళి తమలపాకుల కింది తంతి తీసి విప్పించి చదివించుకున్నారు. మడిచి కళ్ళకు అద్దుకున్నారు, ఎందుకో నాకు తెలియదు. "అమ్మా, కూర్చోండి" అన్నారు నాతో. ఈసారి నిజంగానే ఆయనే పీట వేశారు. ఎప్పుడు కూలబడ్డానో తెలియదు గాని దాని మీద కూర్చుని ఉన్నాను.

తెగిన ముక్క తీసేసి కొత్తది వేసిస్తానని మా ఆయన మాట ఇచ్చారు. రాజుగారు వారం తరవాత మరో ముహూర్తం చూసుకుంటామన్నారు. సాయంత్రం బండికి స్టేషనుకు వచ్చాం. దారిలో నా చెప్పు దొరికింది. ఆయనే వంగి తీసి నా కాళ్ళ దగ్గర పెట్టారు.

ప్లాట్‌ఫారం మీద ఉండగా పొద్దు గుంకింది. ఆయన కుళాయి నీళ్ళు చెంబులో పట్టి, జేబులోని ఖర్జూరంతో రోజా విప్పారు. సగం నాకు ఇచ్చారు. తీసుకుందామంటే నా గుప్పిట తెరుచుకోలేదు. మిల్లులో మళ్ళీ ఎప్పుడు బిగించానో, వేళ్ళు కొయ్యబారిపోయాయి. ఆయన ఒక్కొక్క వేలే విప్పారు. ఒక గాటు ముక్క, రెండు గాట్ల ముక్క అలాగే ఉన్నాయి. మూడోది నా చెమటకు నాని, పీచు పీచుగా అరచేతికి అంటుకుపోయి ఉంది.

దాన్ని వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. కళ్ళు మూసుకుని కాసేపు ఉండి, పట్టాల మీదికి ఉమ్మేశారు.

"బురద" అన్నారు. తరవాత ఎటో చూస్తూ అడిగారు. "అక్కడ నిలబడడానికి భయం వేయలేదా?"

"వేసిందండి" అన్నాను. "ఇంకా వేస్తూనే ఉంది."

నిడదవోలు వైపు నుంచి బండి దీపం కనబడింది. కూత పెడుతుందని నాకు తెలుసు. పిల్ల నిద్రపోతోంది, నా రెండు చేతులూ దాని కిందే ఉన్నాయి. ఎప్పటిలాగే కళ్ళు గట్టిగా మూసుకున్నాను. ఇంజను కూత పెట్టే లోపల, తంగేడు చెక్క వాసన వేసే రెండు అరచేతులు ముసుగు మీదుగా నా చెవులు మూశాయి. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నారు. బండి ఆగేదాకా ఆయన చేతులు తీయలేదు, నవ్వలేదు కూడా.